రోడ్డు లెక్కలో మా వాడ ఎక్కడ?

మా చిన్నాయన సైకిల్ ఇప్పటికీ ఇంటి వెనక గోడకు ఆనించే ఉంది. ముందు చక్రం రింగు వంకర పోయింది. రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున గోదాములో హమాలీ పని ముగించుకుని వస్తుంటే, గేటు దగ్గర రివర్స్ తీసుకుంటున్న ట్రైలర్ తగిలి ఆయన కాలు విరిగింది. అప్పుడాయన సైకిల్ ఎక్కి లేడు, చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ వస్తున్నాడు. ఈ చిన్న తేడా ఎందుకు చెబుతున్నానో మీకు కాసేపట్లో అర్థమవుతుంది.

మాది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, మేడ్చల్ వైపు ఒక ఊరు. ఊరికీ మా వాడకీ మధ్య ఒక రోడ్డు ఉంది. బడి, రేషన్ దుకాణం, బస్సు ఆగే చోటు రోడ్డుకు అటువైపు. మేము ఇటువైపు. ఇటువైపే ఇప్పటికే రెండు గోదాములు వచ్చాయి. మూడోది, వాటన్నిటికంటే పెద్దది, ప్రతిపాదనలో ఉంది. దాని అనుమతి దరఖాస్తుకు జతచేసిన ట్రాఫిక్ ప్రభావ అంచనా నివేదికను మా తమ్ముడు పంచాయతీ ఆఫీసులో ఫోన్‌తో ఫోటోలు తీసి నాకు పంపాడు. నివేదిక మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది. "అన్నా, నువ్వు పీహెచ్‌డీ చేస్తున్నవ్ గదా, ఇందుల మన గురించి ఏం రాసిన్రో చెప్పు" అన్నాడు.

నేను చేసేది సమాజశాస్త్రంలో పరిశోధన. ఇంజినీరింగ్ నాకు రాదు. సివిల్ ఇంజినీరింగ్ విభాగంలో ఉన్న హాస్టల్ మిత్రుడు పక్కన కూర్చుని రెండు రాత్రులు ఓపికగా నేర్పాడు. నివేదిక మొత్తం చదివాక తమ్ముడికి నేను చెప్పగలిగింది ఒక్కటే: "ఇందుల మన గురించి ఏమీ రాయలేదు." అబద్ధాలు రాశారని నేను అనడం లేదు. అందులోని లెక్కల్లో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. లెక్క సరిగ్గానే ఉండి, అందులో మనుషులు లేకపోవడం ఎలా సాధ్యమో చెప్పడానికే ఈ వ్యాసం.

లారీకి మూడు, మనిషికి సున్నా

రోడ్డు మీద వెళ్లేవన్నీ ఒకే రకం కావు కాబట్టి, ఇంజినీర్లు అన్నిటినీ కారు కొలతలోకి మారుస్తారు. దీన్ని ప్యాసింజర్ కార్ యూనిట్, పొట్టిగా పీసీయూ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన గ్రామీణ రోడ్ల మార్గదర్శకం ఐఆర్‌సీ 64 ప్రకారం కారు 1, మోటార్ సైకిల్ 0.5, లారీ 3, ట్రైలర్ లారీ 4.5, సైకిల్ 0.5, ఎడ్ల బండి 8. ఇవి ఆ వాహనం విలువలు కావు. అది మిగతా వాహనాల కదలికకు ఎంత అడ్డం వస్తుందో చెప్పే అంకెలు. సాంకేతికంగా అందులో తర్కం ఉంది. కానీ ఎడ్ల బండి ఎనిమిది కార్లంత అడ్డంకిగా కనబడే చూపు ఎవరిది? స్టీరింగ్ వెనక కూర్చున్నవాడిది.

ఈ పట్టికలో కాలినడకన పోయే మనిషికి అంకె లేదు. చిన్నాయన సైకిల్ ఎక్కి ఉంటే 0.5 అయ్యేవాడు. దిగి నడిచాడు కాబట్టి ఆ లెక్కలోంచి పూర్తిగా మాయమయ్యాడు.

పాదచారులకు వేరే మార్గదర్శకం ఉంది కదా అని ఇంజినీర్ మిత్రుడు గుర్తుచేశాడు. ఉంది. దాని పేరు ఐఆర్‌సీ 103. రోడ్డు దాటడానికి నియంత్రిత క్రాసింగ్ ఎప్పుడు ఇవ్వాలో అది చెబుతుంది. అందులో మొదటి కొలమానం, రద్దీ గంటలో దాటే మనుషుల సంఖ్యను ఆ గంటలో వచ్చే వాహనాల సంఖ్య వర్గంతో గుణిస్తే, డివైడర్ లేని రోడ్డు మీద 10 కోట్లు దాటాలి. ఉదాహరణకు గంటకు 300 వాహనాలు పోయే రోడ్డు అనుకోండి. 300 వర్గం 90,000. పది కోట్లు కావాలంటే ఆ ఒక్క గంటలో పదకొండు వందల మందికి పైగా రోడ్డు దాటాలి. మా వాడలో పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరూ ఒకేసారి బయల్దేరినా ఆ లెక్క తేలదు. వాహనాలు ఇంత తక్కువగా ఉన్న రోడ్డు మీద చిన్న వాడలకు ఈ సూత్రం వర్తించదు. ఇతర కొలమానాల్లో ఒకటి, ఏడాదిలో ఐదుగురు లేదా అంతకు మించిన పాదచారులు వాహనాలు ఢీకొని గాయపడి ఉండాలి. అంటే ముందు మా కాళ్లు విరగాలి. తర్వాత తెల్ల చారలు గీస్తారు.

ఏ రోడ్డును కొలిచారు?

ట్రాఫిక్ నివేదికలో అసలు రాజకీయమంతా అంకెల దగ్గర కాదు, అంకెలు మొదలు కాకముందు ఉంటుంది. ఏ రోడ్డును కొలవాలి, ఏ రోజు కొలవాలి, ఎంత దూరం దాకా కొలవాలి అన్న నిర్ణయాల్లో ఉంటుంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక గోదాముకు 40 లోడింగ్ డాక్‌లు ఉన్నాయనుకుందాం. ఒక్కో లారీ రెండు గంటలు ఆగుతుంది. పది గంటలు పని నడుస్తుంది. అంటే రోజుకు 200 లారీలు వస్తాయి, 200 పోతాయి. మొత్తం 400 రాకపోకలు. లారీకి 3 చొప్పున 1,200 పీసీయూలు. అవన్నీ ట్రైలర్లే అయితే 1,800.

ఇప్పుడు దీన్ని ఏ రోడ్డుతో పోల్చాలి? ఐఆర్‌సీ 64 ప్రకారం రెండు వరుసల రోడ్డు రోజుకు 15,000 పీసీయూలు మోయగలదు. దానితో పోలిస్తే మన గోదాము భారం 8 నుంచి 12 శాతం. "స్వల్ప ప్రభావం" అని రాసేయొచ్చు. కానీ ఆ పెద్ద రోడ్డు నుంచి గోదాము గేటు దాకా లారీ ఎలా వస్తుంది? ఒకే వరుస ఉన్న ఊరి రోడ్డు మీదుగా. అంచులు బాగున్న అలాంటి రోడ్డు సామర్థ్యం రోజుకు 2,000 పీసీయూలు. ఇప్పుడు అదే గోదాము భారం 60 నుంచి 90 శాతం. గోదాము మారలేదు, లారీలు మారలేదు. కొలిచే రోడ్డు మారింది, అంతే. మా ఊరి నివేదిక కొలిచింది పెద్ద రోడ్డు కూడలినే. మా వాడ ముందు నుంచి పోయే రోడ్డు అందులో పటం మీద ఒక సన్నటి గీత, దాని పక్కన "ప్రవేశ మార్గం" అన్న మాట.

ఇక ఏ రోజు కొలిచారు? మే నెలలో, ఒక మంగళవారం. పనిరోజే, సెలవు రోజు కాదు. నియమం తప్పలేదు. కానీ మే నెలలో తెలంగాణ అంతటా బడులకు వేసవి సెలవులు. బడికి పోయే మా పిల్లలు ఆ రోజు రోడ్డు దాటలేదు. బడిలో వంట చేసే మా అమ్మ కూడా దాటలేదు. సర్వే చేసినవాళ్లు దాచిందేమీ లేదు, కనబడిందే రాశారు. అసలు ఆ రోజునే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్న అడిగేవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు.

మూడోది, ఇప్పటికే ఉన్న రెండు గోదాములు. నివేదిక వాటిని "ప్రస్తుత ట్రాఫిక్" కింద వేసి, కొత్తదాని భారాన్ని మాత్రమే ప్రభావంగా చూపింది. వాటిని కట్టినప్పుడు వాటి నివేదికలు కూడా ఇలాగే చూపి ఉంటాయి. ఒక్కొక్కటీ 8 శాతం చొప్పున ఐదు వస్తే 40 శాతం. కానీ ఏ ఒక్క కాగితం మీదా 40 అని కనబడదు. ప్రతి కాగితమూ "స్వల్పం" అనే అంటుంది. కులం పనిచేసే తీరు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ప్రతివాడూ తాను చేసింది చిన్నదే అంటాడు. మొత్తం బరువు మోసేవాడికి మాత్రం అది చిన్నది కాదు.

చివర్లో ఇంకో మాట ఉంటుంది: సేవా స్థాయి. ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులు. రోడ్డు మీద వాహనం ఎంత సాఫీగా పోతుందో, ఎన్ని క్షణాలు ఆగాల్సి వస్తుందో చెప్పే గ్రేడులవి. కూడలి దగ్గర డ్రైవర్ ఎన్ని సెకన్లు ఆగాలో దశాంశాలతో సహా లెక్కగట్టిన ఆ నివేదికలో, మా అమ్మ రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడాలో ఒక్క వాక్యం లేదు. ఇది ఎవరికి సేవ?

రోడ్డుకు కులం ఉంటుందా?

ఈ విషయం మా విభాగం సెమినార్‌లో చెప్పినప్పుడు ఒక సీనియర్ అధ్యాపకుడు అడిగాడు: "లారీ కులం చూసి గుద్దుతుందా? ఇది అభివృద్ధి సమస్య. దీనిలోకి కులాన్ని ఎందుకు లాగుతారు?"

మర్యాదగానే జవాబు చెప్పాను. లారీ కులం చూడదు, నిజమే. కానీ లారీ ఏ దారిన పోవాలో నిర్ణయించిన భూమికి కులం ఉంది. మన ఊళ్లలో మాలవాడ, మాదిగవాడ ఊరికి ఆవల ఎందుకున్నాయి? వాటి చుట్టూ లావణి పట్టా భూములు ఎందుకున్నాయి? భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు అన్యాక్రాంతం కాకూడదని 1977లోనే చట్టం చేశారు. అయినా మా ఊళ్లో అవి చేతులు మారాయి. పెద్ద గోదాముకు కావలసింది ఒకేచోట ఎక్కువ భూమి, తక్కువ ధర, గట్టిగా అడ్డం చెప్పలేని పొరుగు. ఈ మూడూ దొరికే చోటు ఊరి నడిబొడ్డు కాదు, ఊరి అంచు. ఊరి అంచున ఎవరిని ఉంచారో మనందరికీ తెలుసు.

రోడ్డు మీద నడిచే హక్కు కోసం ఈ దేశంలో మనవాళ్లు పోరాడవలసి వచ్చింది. 1893లో ట్రావన్‌కోర్‌లో అయ్యంకాళి ఎడ్ల బండి ఎక్కి నిషిద్ధ దారుల్లో తిరిగాడు. 1924లో వైకోమ్‌లో గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవనివ్వమనే సత్యాగ్రహం చేశారు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో బావులు, చెరువులు, స్నాన ఘట్టాలతో పాటు రోడ్లు అన్న మాట ఊరికే చేరలేదు. ప్రజాధనంతో నడిచే రోడ్డు వాడుకోవడానికి కులం అడ్డం కాకూడదని అక్కడ రాసి ఉంది. ఆనాడు మనల్ని దారి మీదికి రానివ్వనిది కర్ర పట్టుకున్న మనిషి. ఇవాళ కర్ర లేదు. పొద్దున ఏడింటికి వరుసగా నిలబడ్డ పది లారీలు, వాటి మధ్య సందులోంచి పుస్తకాల సంచితో తొంగిచూసే ఎనిమిదేళ్ల పిల్ల. దారి మూసుకుపోయింది, కానీ ఎవరూ మూయలేదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్లు. ఆ నివేదిక చనిపోయినవాళ్ల వయసు, లింగం చెబుతుంది. వాహనం రకం, రోడ్డు రకం చెబుతుంది. కులం చెప్పదు. కాబట్టి "కులానికీ ప్రమాదాలకీ సంబంధం ఉందని ఆధారం ఏది?" అని అడిగేవాళ్లకు సమాధానం తేలిక: ఆధారం పుట్టకుండా చూసుకున్నది మీరే.

అడగని జనం

2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లకు మించిన భవన నిర్మాణానికి ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. ఆ దరఖాస్తు ఫారంలో ట్రాఫిక్ గురించి ప్రశ్నలు ఉన్నాయి. పార్కింగ్ కొరత వస్తుందా, ప్రవేశ నిష్క్రమణ మార్గాల దగ్గర ట్రాఫిక్‌ను ఎలా నిర్వహిస్తారు, లోపలి రోడ్లూ నడకదారులూ ఎలా ఉంటాయి, శబ్దం, కంపనలు పెరుగుతాయా. గమనించండి, ప్రశ్నల చూపు గేటు దాకా వచ్చి ఆగిపోతుంది. ప్రహరీ లోపల నడకదారి ఉందా అని అడుగుతుంది. ప్రహరీ బయట నడిచేవాళ్ల సంగతి అడగదు. పైగా ఇదే నోటిఫికేషన్ భవన నిర్మాణ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. గనికీ సిమెంటు ఫ్యాక్టరీకీ ప్రజల ముందు మైకు పెట్టాలి. గోదాముకు అక్కరలేదు.

ఆ కొద్దిపాటి అనుమతి నుంచి కూడా పారిశ్రామిక షెడ్లను తప్పించడానికి 2014లో ఒకసారి, 2025 జనవరి 29న మరోసారి కేంద్రం నోటిఫికేషన్లు తెచ్చింది. రెండోదానిలోని ఆ మినహాయింపును 2025 ఆగస్టు 5న ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం కొట్టివేసింది. అదే ఏడాది మే 14న మరో ధర్మాసనం, పాదచారులకు ఫుట్‌పాత్ 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కోర్టులో గెలిచిన ఈ మాటలు మా ఊరి పంచాయతీ ఆఫీసు బీరువా దాకా ఇంకా రాలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పెసా చట్టం వల్ల గ్రామసభకు కొంతైనా గొంతు ఉంది. మైదాన ప్రాంతంలోని దళితవాడకు అదీ లేదు.

గోదాము వద్దనడం లేదు

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ నివేదిక నాకు పంపిన తమ్ముడు పనిచేసేది గోదాములోనే. స్కానర్ పట్టుకుని రోజంతా అరల మధ్య నడుస్తాడు. ఆ జీతంతోనే చిన్నాయన కాలికి రాడ్ వేయించాం. "వద్దనకు అన్నా, పని పోతది. దారి అడుగు" అన్నాడు వాడు. వాడకు పనీ కావాలి, ప్రాణమూ కావాలి. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమనడమే అన్యాయం.

2017 జూలైలో జీఎస్టీ వచ్చాక కంపెనీలు రాష్ట్రానికొక చిన్న గోదాము పెట్టుకునే అవసరం తగ్గి, కొన్నిచోట్ల పెద్దవి కట్టడం మొదలుపెట్టాయి. అదే ఏడాది లాజిస్టిక్స్ రంగానికి మౌలిక వసతుల హోదా దొరికింది. 2022 సెప్టెంబర్‌లో జాతీయ లాజిస్టిక్స్ విధానం వచ్చింది. సరుకు రవాణా ఖర్చు తగ్గించడం దాని లక్ష్యం. తగ్గిన ఖర్చు ఎక్కడికి పోతుంది? కొంత గాలిలో కలవదు, మా వాడ మీద పడుతుంది. విరిగిన ఎముకగా, రాత్రంతా హారన్‌గా, బడి మానేసిన పిల్లగా. తెలంగాణ నుంచి మగ్గం పనికి వలసపోయిన పద్మశాలీ కుటుంబాలు స్థిరపడ్డ భివాండీ ఇవాళ దేశంలో గోదాములకు పెద్ద పేరు. అక్కడ లారీల వరుసల్లో ఇరుక్కున్నవాళ్లకు నేను చెప్పేది కొత్తగా ఉండదు.

డ్రైవర్లను తిట్టడం కూడా నాకు ఇష్టం లేదు. గేటు వాళ్లను పిలిచేదాకా వాళ్లకు నిలబడే చోటు లేదు, స్నానానికి నీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు. అందుకే మా వాడ బోరు దగ్గర ఆగుతారు. అక్కడ మా ఆడవాళ్లకూ వాళ్లకూ గొడవ. ఇద్దరు పేదలను ఒక బోరింగు దగ్గర కొట్టుకోనిచ్చి, లోపల ఖాళీగా ఉన్న స్థలాన్ని పచ్చిక బయలు అని పటంలో చూపించారు.

మేము అడిగేవి ఇవి. సర్వే బడి నడిచే రోజున, గోదాము షిఫ్టు మారే గంటల్లో, గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా మొత్తం దారి మీద చేయాలి. నడిచేవాళ్లనూ సైకిళ్లనూ విడిగా లెక్కించాలి. ఇప్పటికే ఉన్న, రాబోయే గోదాముల భారం కలిపి చూపాలి. లారీలు ఆగే స్థలం, డ్రైవర్లకు నీళ్లు, మరుగుదొడ్లు ప్రహరీ లోపలే ఉండాలి. బడి సమయాల్లో లారీలను ఆపాలి. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ఆ అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తోంది, కొత్త చట్టం అక్కరలేదు. ఐదుగురు గాయపడేదాకా ఆగకుండా మొదటి లారీ రాకముందే ఫుట్‌పాత్, క్రాసింగ్ కట్టాలి. నివేదిక తెలుగులో ఉండాలి. దాన్ని వాడలో సభపెట్టి చదవాలి, ఊరి నడుమ కచేరీ దగ్గర కాదు.

ఇది చదివే విద్యార్థులకు, ముఖ్యంగా ఇంజినీరింగ్, ప్లానింగ్ చదివే మన పిల్లలకు ఒక విన్నపం. మనలో చాలామందిమి సాహిత్యంలోనో రాజనీతిశాస్త్రంలోనో కులాన్ని వెతుకుతాం. అది పీసీయూ పట్టికలోనూ ఉంది, సర్వే తేదీలోనూ ఉంది. ఆ భాష మనకు రాకపోతే మన తరఫున అడిగేవాళ్లుండరు. మీ ఊరి దగ్గర ఏదైనా కడుతుంటే ఆ నివేదిక అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఏ రోడ్డు కొలిచారో, ఏ రోజు కొలిచారో ముందు చూడండి.

బడి తెరిచాక నేనూ తమ్ముడూ వాడ పిల్లలు నలుగురూ కలిసి ఆ రోడ్డు పక్కన కూర్చోబోతున్నాం. ఒక నోటుబుక్కు, ఒక గడియారం. లారీలు ఒక పేజీలో, మనుషులు ఒక పేజీలో. చిన్నాయన కూడా వస్తానన్నాడు. ఆయనకు చేతికర్ర ఉంది, నడక నెమ్మది, రోడ్డు దాటడానికి అందరికంటే ఎక్కువ సేపు పడుతుంది. ఆ సమయాన్ని మా పుస్తకంలో మొదటి వరుసలో రాస్తాం. గ్రామసభలో అర్జీకి జతచేసి ఇస్తాం.

జై భీమ్.